ల్యూనెబుర్గర్ హైడెలో ఒక రోజు: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎలా నడవాలి

జర్మనీలో హాంబుర్గ్‌కు దక్షిణాన, బ్రేమెన్, హానోవర్ ఊళ్ల నడుమ, ఇసుక నేల మీద పిక్కల ఎత్తున గుబురుగా పెరిగే హీథర్ పొదల మైదానాలున్నాయి. వీటినే ల్యూనెబుర్గర్ హైడె అంటారు, హైడె అంటే హీథర్ మైదానం. ఏడాదికి నాలుగైదు వారాలు అవి ఊదారంగుకు తిరుగుతాయి. ఫోటోలు చూసి బయల్దేరేవాళ్లు చాలామంది దీన్ని పూలతోట అనుకుంటారు. తోట కాదు. గేటు లేదు, ప్రవేశ రుసుం లేదు, పూలు ఒక్కచోటే కుప్పపోసినట్టు ఉండవు. పల్లెలు, అడవులు, బంగాళదుంప చేల మధ్య విడివిడిగా పరచుకుని ఉంటాయి. అందుకే జీపీఎస్‌లో "ల్యూనెబుర్గర్ హైడె" అని కొట్టి వెళ్తే ఏ హైవే పక్కనో తేలతారు. ల్యూనెబుర్గ్ పట్నానికి టికెట్ తీసుకున్నా అంతే. ఊరు బాగుంటుంది గానీ, పెద్ద హీథర్ మైదానాలు అక్కడికి పడమర దిక్కున చాలా దూరంలో ఉన్నాయి.

వెళ్లొచ్చి "ఏముంది అక్కడ" అని పెదవి విరిచేవాళ్లను కదిపితే కారణం మూడింట్లో ఒకటి అవుతుంది: తేదీ తప్పింది, దిగిన చోటు తప్పింది, లేదా మిట్టమధ్యాహ్నం కారు దిగి రెండొందల మీటర్లు నడిచి తిరిగొచ్చారు. ముందు ఈ మూడూ సరిచేసుకోండి.

1. తేదీ ఖాయం చేసుకోండి

అక్కడివాళ్ల లెక్క సులువు: ఎనిమిదో నెల ఎనిమిది నుంచి తొమ్మిదో నెల తొమ్మిది దాకా. అంటే ఆగస్టు 8 నుంచి సెప్టెంబరు 9. ఇది సగటు లెక్కే. వేసవి ముందు భాగంలో వాన పడిందా, ఎండలు కాశాయా అన్నదాన్ని బట్టి వారం అటూ ఇటూ అవుతుంది. 2018 నాటి కరువు తర్వాత చాలా చోట్ల పొదలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి, మళ్లీ కోలుకోవడానికి కాలం పట్టింది. హీథర్ ఆకులే తిని బతికే ఒక చిన్న పెంకుపురుగు పెరిగిన ఏడాది కూడా ఇదే గతి. కాబట్టి నిరుటి ఫోటో చూసి ఈ ఏటి తేదీ పెట్టుకోకండి. పూత కాలం దగ్గరపడ్డాక ప్రాంతీయ పర్యాటక శాఖ తన సైటులో ఏ మైదానంలో పూత ఎంతవరకు వచ్చిందో ఫోటోలతో సహా పెడుతుంటుంది. బయల్దేరే ముందు దాన్ని చూడండి.

ఎవరైనా మిత్రులు అక్కడినుంచి ఫోటో పంపితే, పొద మొత్తం కాదు, ఒక్క కొమ్మను దగ్గరగా తీసి పంపమనండి. హీథర్ పూత కొమ్మ అడుగునుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది. అడుగు భాగం మాత్రమే విచ్చి పైన మొగ్గలుంటే ఇంకా వారం పది రోజుల టైముంది. పైదాకా విచ్చితే ఆ వారాంతమే వెళ్లండి. అడుగు పూలు వడలి ఎరుపు గోధుమరంగు తిరిగి కొసన మాత్రమే ఊదారంగు మిగిలితే, దూరం నుంచి చూడ్డానికి ఇంకా బాగానే ఉంటుంది గానీ దగ్గరి ఫోటోలకు పనికిరాదు.

ఆగస్టు శనాదివారాలు జనం విరగబడతారు. సెలవు దొరికితే మంగళవారమో బుధవారమో వెళ్లండి. కుదరకపోతే ఆదివారమే అయినా ఉదయం ఎనిమిదిన్నరకల్లా నడక మొదలయ్యేలా చూసుకోండి. గుర్రపు బళ్లూ బస్సులూ పది, పదకొండింటికి గానీ జోరందుకోవు. ఆగస్టు మధ్యలో అక్కడ ఆరింటికే పొద్దు పొడుస్తుంది, గుంకేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటుతుంది. వెలుతురుకు కొదవలేదు, మధ్యాహ్నపు ఎండలో అవస్థ పడాల్సిన పనీ లేదు.

2. ఒక రోజుకు ఒకే ఒక చోటు ఎంచుకోండి

అసలు మెలిక ఇక్కడే ఉంది. ప్రకృతి ఉద్యానం మొత్తం విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో కట్టుదిట్టమైన రక్షిత ప్రాంతం 234 చదరపు కిలోమీటర్లు. ఒక్కరోజులో మూడు చోట్లు చుట్టాలని చూస్తే రోజంతా పార్కింగుల్లోనే గడిచిపోతుంది. మీ దగ్గరున్న బండిని బట్టి, వెంట వచ్చేవాళ్లను బట్టి ఈ నాలుగింట్లో ఒకటి పట్టుకోండి.

కారుంటే, నడవగలిగితే: నీడర్‌హావర్‌బెక్ పల్లె. విల్‌సెడె గ్రామం, విల్‌సెడర్ బెర్గ్ గుట్ట, టోటెన్‌గ్రుండ్ లోయ మూడూ ఒకే చుట్టులో వస్తాయి. హైడె అసలు రూపం చూడాలంటే ఇదే.

పెద్దవాళ్లు వెంట ఉంటే: "ఉండెలో" అనే పల్లె. ఇండియానుంచి అమ్మానాన్నలు వచ్చే నెలలూ పూత నెలలూ చాలా ఇళ్లలో ఒకటే అవుతాయి. ఉండెలోనుంచి విల్‌సెడెకు గుర్రపు బండి దొరుకుతుంది.

కారు లేకపోతే: బ్యూజెన్‌బాఖ్‌టాల్. స్టేషన్ పేరూ లోయ పేరూ ఒకటే. రైలు దిగి కాసేపు నడిస్తే హీథర్‌లో ఉంటారు. హాంబుర్గ్, హార్‌బుర్గ్‌లలో చదువుకునేవాళ్లకు ఇంతకంటే తేలికైన దారి లేదు. రద్దీ రోజుల్లో కూడా విల్‌సెడె అంత జనం ఉండరు.

సగం రోజే ఉంటే: ఫిష్‌బెకర్ హైడె. ఇది హాంబుర్గ్ నగరం లోపలే ఉంది. ఎస్-బాన్ లోకల్ రైల్లో వెళ్లి నోయగ్రాబెన్‌లో దిగి సిటీ బస్సెక్కాలి. సాయంత్రం ఆఫీసు అయ్యాక కూడా వెళ్లిరావచ్చు.

3. చేరుకోవడం

రైలు దారి: హాంబుర్గ్ ప్రధాన స్టేషన్‌లో ప్రాంతీయ రైలెక్కి బుఖ్‌హోల్ట్స్‌లో దిగండి. అక్కడినుంచి హానోవర్ వైపు వెళ్లే ఆర్‌బీ 38 పట్టుకుంటే బ్యూజెన్‌బాఖ్‌టాల్, హాండెలో, ష్నెవర్డింగెన్, సోల్టావ్ వరసగా వస్తాయి. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాసు) ఉన్నవాళ్లు ఈ రైళ్లకు వేరే టికెట్ కొనక్కర్లేదు. లేనివాళ్లు నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే నీడర్‌జాక్సెన్ (ఈ రాష్ట్రం పేరు) రోజు టికెట్ లాభం. అయిదుగురి దాకా ఒకే టికెట్, హాంబుర్గ్‌లో కూడా చెల్లుతుంది. ఒక్కటే తిరకాసు: పనిదినాల్లో ఉదయం తొమ్మిది దాటాకే చెల్లుతుంది.

ఆర్‌బీ 38 నగరపు రైళ్లలా పది నిమిషాలకోటి రాదు. తిరుగు రైలు వేళలు రెండు మూడు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అడవిలో నెట్‌వర్క్ లేక టైము చూసుకోలేకపోవడం ఇక్కడ మామూలే. చిన్న స్టేషన్ వస్తోందనగానే అడిగితేనే ఆగుతుందని రైల్లో అనౌన్స్ చేస్తే, తలుపు దగ్గరి బటన్ నొక్కడం మరిచిపోకండి.

జూలై మధ్యనుంచి అక్టోబరు మధ్య దాకా హైడె-షటిల్ అనే ఉచిత బస్సులు ఈ పల్లెలను కలుపుతూ తిరుగుతాయి. వెనక సైకిళ్లకు ట్రెయిలర్ కూడా ఉంటుంది. నిజంగా పైసా తీసుకోరు. అయితే ఎండకాలపు ఆదివారం సాయంత్రం చివరి బస్సుకు అందరూ ఒక్కసారే వస్తారు, సైకిల్ చోటు ముందే నిండిపోతుంది. చివరిదాన్ని నమ్ముకోకుండా దానికి ముందు బస్సుకు వచ్చేయండి.

కారులో వెళ్తే పల్లె చివరి పార్కింగులో పెట్టి దిగాల్సిందే. విల్‌సెడెలోకి బయటివాళ్ల కార్లను రానివ్వరు. పార్కింగ్ మెషీన్ కోసం చిల్లర ఉంచుకోండి.

4. సంచిలో ఏం పెట్టుకోవాలి

- నీళ్లు: మనిషికి లీటరున్నర, ఎండ 28 డిగ్రీలు దాటే రోజైతే రెండు లీటర్లు. మైదానంలో నీడ ఉండదు, అక్కడక్కడ ఒక జూనిపర్ చెట్టో బిర్చ్ చెట్టో తప్ప.
- బూట్లు: చీలమండ దాకా మూసే నడక బూట్లు. తోలు చెప్పులూ శాండిళ్లూ వద్దు, ఇసుక లోపలికి చేరి కిలోమీటరుకోసారి దులుపుకోవాల్సి వస్తుంది.
- పొడుగు ప్యాంటు, లేత రంగుది. ఎందుకో కింద పిడుదుల సంగతిలో చెప్తాం.
- పల్చటి వాన జాకెట్టు, టోపీ.
- ఆఫ్‌లైన్‌లో దించుకున్న మ్యాప్.
- తిండి. పల్లె హోటళ్లలో ఎక్కువగా దొరికేది గొర్రె మాంసం, పంది మాంసం, కేకులు. శాకాహారులకు బంగాళదుంపా సలాడూ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పులిహోరో చపాతీ చుట్టలో కట్టుకెళ్తే ప్రాణం సుఖం. పెరుగన్నం మాత్రం ఎండలో మధ్యాహ్నానికే పులిసిపోతుంది. తిన్న ఆకులూ కాగితాలూ తిరిగి సంచిలోకే, ఎందుకంటే దారి పొడుగునా చెత్తబుట్టలు లేవు.
- కొంచెం నగదు. చిన్న హోటళ్లలోనూ తేనె అమ్మే బల్లల దగ్గరా కార్డు తీసుకోకపోవచ్చు.

చంటిపిల్లలుంటే చిన్న చక్రాల బండి తీసుకెళ్లొద్దు. ముందు చక్రం ఇసుకలో కూరుకుపోతే తోయలేరు, మోయలేరు. వీపుకో ఛాతీకో కట్టుకునే క్యారియరే నయం.

5. నడక: నీడర్‌హావర్‌బెక్ చుట్టు

మొత్తం పన్నెండు పదమూడు కిలోమీటర్లు. ఆగి చూస్తూ, తింటూ వెళ్తే అయిదారు గంటలు. ఎత్తు తక్కువే అయినా, మెత్తటి ఇసుకలో పాదం దిగబడి వెనక్కి జారుతుంది కాబట్టి తారు రోడ్డు మీది లెక్క ఇక్కడ పనికిరాదు. గంటకు మూడు కిలోమీటర్లు వేసుకోండి.

పార్కింగునుంచి ముందు ఉత్తరంగా విల్‌సెడర్ బెర్గ్ బోర్డులు పట్టుకుని వెళ్లండి. గుట్ట మీదికి ముందే వెళ్లమనడం ఎందుకంటే, పొద్దున పక్కవాటుగా పడే వెలుతురులోనే మైదానం మడతలు తెలుస్తాయి. ఆగస్టు చివర మంచు పట్టిన ఉదయాల్లో పొద పొదకూ సాలెగూడు నీటిబొట్లతో మెరుస్తూ కనబడుతుంది, తొమ్మిదిన్నర దాటాక ఆరిపోయి మాయమవుతుంది.

విల్‌సెడర్ బెర్గ్ ఎత్తు 169 మీటర్లు. మనకది గుట్ట కూడా కాదు. కానీ ఉత్తర జర్మనీ మైదానాల్లో దానికంటే ఎత్తయినవి అరుదు, తేటగా ఉన్న రోజున హాంబుర్గ్ గోపురాలు ఆనతాయి. మంచుయుగపు హిమానీనదం తోసుకొచ్చి వదిలేసిన ఇసుకా రాళ్లే ఈ గుట్ట. గణిత శాస్త్రవేత్త గౌస్ 1820ల్లో హానోవర్ రాజ్యాన్ని త్రిభుజాలుగా కొలిచినప్పుడు ఈ శిఖరాన్ని ఒక బిందువుగా వాడుకున్నాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మన దగ్గర బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ బృందం నిజాం రాజ్యం మీదుగా అదే పద్ధతిలో గొలుసులతో, కోణాలు కొలిచే థియొడొలైట్లతో కొలుచుకుంటూ పోతోంది.

గుట్ట దిగి తూర్పుగా కిలోమీటరున్నర రెండు కిలోమీటర్లు నడిస్తే విల్‌సెడె. గడ్డి కప్పుల పాత ఇళ్లు, ఓక్ చెట్లు, రాళ్లు పరిచిన బాట. 1907నుంచి ఒక రైతు ఇంటిని మ్యూజియంగా ఉంచారు. పాత రోజుల్లో గొడ్లూ మనుషులూ ఒకే కప్పు కింద ఎలా బతికారో అందులో చూడొచ్చు, అరగంట చాలు. ఎండ ముదిరే వేళకు ఇక్కడికి చేరితే చెట్ల కింద కూర్చుని తినేయొచ్చు. మరుగుదొడ్లు కూడా ఇక్కడే వాడుకోండి, ఇక్కడ దాటితే మళ్లీ పార్కింగు దాకా దొరకవు. కేకు తినేవాళ్లయితే బక్‌వీట్ పిండితో చేసి మధ్యన పుల్లటి ఎర్ర బెర్రీల జామూ మీగడా పెట్టే బుఖ్‌వైట్సెన్‌టోర్ట అడగండి. ఒక ముక్క ఇద్దరికి సరిపోతుంది. మామూలుగా గుడ్డు ఉంటుంది, తిననివాళ్లు ముందే కనుక్కోండి.

విల్‌సెడెనుంచి దక్షిణంగా కిలోమీటరు దూరంలో టోటెన్‌గ్రుండ్. గిన్నెలా లోతుగా ఉన్న లోయ, వాలుల నిండా హీథర్, అక్కడక్కడ నల్లగా నిటారుగా జూనిపర్‌లు. చూడాల్సింది అంచు మీదినుంచే. బెంచీలు వేసిన చోట్లున్నాయి. అడ్డంగా దిగి దగ్గరదారి చేసుకోకండి. 1906లో ఈ లోయను ఇళ్ల స్థలాలుగా కొట్టేస్తారన్న భయంతో ఎగెస్టోర్ఫ్ పాస్టరు విల్హెల్మ్ బోడె ఒక దాత డబ్బుతో కొనిపించాడు. 1909లో పుట్టిన పరిరక్షణ సంఘం తర్వాత చుట్టుపక్కల భూములు కొంటూ పోయింది. ఇవాళ మీరు నడిచే నేలలో చాలా భాగం ఆ సంఘానిదే.

ఇక్కడినుంచి ఓబర్‌హావర్‌బెక్ మీదుగా తిరిగి పార్కింగుకు. ఈ చివరి భాగంలో అడవి నీడ తగులుతుంది. ఓపిక అయిపోతే విల్‌సెడెనుంచే నేరుగా వెనక్కి వచ్చేయొచ్చు. టోటెన్‌గ్రుండ్‌ను మాత్రం వదలకండి, గుట్టనే వదలండి.

బ్యూజెన్‌బాఖ్‌టాల్‌నుంచి నడిచేవాళ్లకు లెక్క ఇంకా తేలిక: స్టేషన్, వాగు లోయ, అక్కడినుంచి 129 మీటర్ల బ్రున్స్‌బెర్గ్, వెనక్కి. సగం పూట పని. దారి పొడుగునా హెచ్ అక్షరం గుర్తు కనబడుతుంది. అది హైడ్‌ష్నుకెన్‌వేగ్ అనే దూరపు కాలిబాట గుర్తు, ఫిష్‌బెక్‌నుంచి చెల్లె పట్నం దాకా 223 కిలోమీటర్లు. అందులో మీకు కావాల్సినంత ముక్క నడిచి ఏదో ఒక స్టేషన్ దగ్గర తేలొచ్చు.

6. గొర్రెల మంద ఎదురైతే

హైడ్‌ష్నుకె అనే ఈ గొర్రెలకు బూడిదరంగు పొడుగు బొచ్చు, నల్లటి ముఖం, ఆడవాటికీ మగవాటికీ కొమ్ములు. పిల్లలు నల్లగా పుట్టి పెరిగేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతాయి, అందుకే మందలో నల్లవి కనబడితే అవి ఆ ఏటివి. వీటి వల్లే హైడె మిగిలింది. అవి కొసలు మేస్తేనే పొద కొత్త చిగురు వేస్తుంది. మేత ఆగిపోతే పొద ముదిరి కాడలు బోసిపోయి మధ్యలోకి చీలుతుంది, ఆ సందులో బిర్చ్, పైన్ మొలిచి కొన్నేళ్లకు అడవి అయిపోతుంది. మంద తిరిగితే సాలెగూళ్లు తెగి తేనెటీగలు చిక్కుకోవని అక్కడి తేనె పెంపకందార్లు చెప్తుంటారు.

మంద కనబడగానే చేయాల్సింది ఆగిపోవడం. దారి పక్కకు జరిగి నిలబడండి, అవే మిమ్మల్ని దాటుకుని పోతాయి. కాపరి కుక్కకూ మందకూ మధ్య నిలబడొద్దు. కుక్క చుట్టు తిరిగి మందను మలుపుతుంటే మీరు అడ్డమైతే మంద చెదిరిపోతుంది, కాపరికి అరగంట పని. ఏమీ తినిపించొద్దు. మీ కుక్కకు గొలుసు వదలొద్దు, రక్షిత ప్రాంతంలో అది ఏడాది పొడుగునా ఉన్న నియమం. కాపరి తీరిగ్గా ఉంటే మాట్లాడతాడు, ఫోటోకు మాత్రం అడిగి తీయండి. మంద ఏ వేళకు దొడ్డికి తిరిగొస్తుందో పల్లెలోని సమాచార కేంద్రంలో అడిగితే చెప్తారు. పిల్లలుంటే ఆ వేళకు దొడ్డి దగ్గర ఉండేలా చూసుకోండి.

7. గుర్రపు బండి, సైకిల్

ఉండెలోనుంచి విల్‌సెడెకు నాలుగైదు కిలోమీటర్లు, బండి మీద ఒక వైపుకు ఇంచుమించు గంట. ఎక్కే ముందు మూడు విషయాలు తేల్చుకోండి: ధర ఒక వైపుకా రెండు వైపులకా, విల్‌సెడెలో ఎంతసేపు ఆపుతారు, తిరుగు ప్రయాణం అదే బండిలోనా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కే మెట్టు ఎత్తుగా అనిపించొచ్చు, చిన్న పీట ఉందా అని అడగండి. రాళ్లబాట మీద కుదుపు ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లను మధ్య వరసలో కూర్చోబెట్టండి. వెళ్లేటప్పుడు బండి, వచ్చేటప్పుడు నడక అనుకుంటే డబ్బు మిగులుతుంది, దారీ బాగా కనబడుతుంది.

సైకిల్ తొక్కేవాళ్లకు: గుర్తు పెట్టిన దారుల్లోనే తొక్కాలి. సన్నటి రోడ్ టైరు ఇసుకలో గాడిపడి పక్కకు ఈడ్చేస్తుంది. 40 మిల్లీమీటర్లూ ఆపైన వెడల్పు టైరు కావాలి, గాలి కొంచెం తగ్గించుకోండి. మెత్తటి ఇసుక వస్తే బ్రేకు వేయకుండా తేలిక గేరులో తొక్కుతూ పోవాలి, హ్యాండిల్ తిప్పారో పడ్డారే. ఆగస్టు వారాంతంలో విల్‌సెడె చుట్టుపక్కల జనం మధ్య సైకిల్ కన్నా నడకే హాయి.

8. ఫోటోలు

ఊదారంగు మిట్టమధ్యాహ్నం పాలిపోయి కనబడుతుంది. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత తీయండి. కెమెరా పొదల ఎత్తుకు దించితే ఎడం ఎడంగా ఉన్న పొదలు ఒకదాని వెనకొకటి చేరి నిండుగా కనబడతాయి, నిలబడి తీస్తే మధ్యలోని గడ్డీ ఇసుకా బయటపడతాయి. పట్టుచీరల్లో ఫోటోషూట్‌కు వెళ్లేవాళ్లు ఊదా, గులాబీ మానేసి ఆవపువ్వు పసుపో, తెలుపో కట్టుకోండి. పొదల్లోకి దిగి కూర్చోవద్దు. ముదురు హీథర్ కాడ పెళుసు, ఒక్కసారి కూర్చుంటే విరిగిన చోట మళ్లీ చిగురు రాకపోవచ్చు. దారి మలుపు తిరిగే చోట మనిషిని దారిలోనే నిలబెట్టి పక్కనుంచి తీస్తే పూల మధ్య నిలబడ్డట్టే వస్తుంది. డ్రోన్ ఎగరేయడం నిషేధం. ఒక్క కొమ్మ తుంచినా తప్పే. ఇంటికి కావాలంటే కుండీ మొక్కలు నర్సరీల్లో చవగ్గానే దొరుకుతాయి.

9. పిడుదు, పాము, నిప్పు

పిడుదులు: మన దగ్గర గొడ్లకూ కుక్కలకూ పట్టేవే, గోమార్లు అనీ అంటారు. అక్కడివి మనుషులకు లైమ్ జబ్బు తెస్తాయి, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అవి చెట్లమీంచి దూకవు, గడ్డి కొసన కాచుకుని తగిలినవాళ్లను పట్టుకుంటాయి. ప్యాంటు అంచు సాక్సులోకి దోపుకోండి. లేత రంగు బట్ట మీద నువ్వుగింజంత నల్లటిది పాకుతుంటే కనబడుతుంది. ఇంటికి వచ్చాక స్నానానికి ముందు మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే చెవుల వెనకా జుట్టు మొదట్లోనూ చూడండి. పట్టి ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా నేరుగా పైకి లాగండి. నూనె, కిరోసిన్, జిగురు పూయకండి. ఊపిరాడక అది కక్కేది మీ ఒంట్లోకే పోతుంది. త్వరగా తీసేస్తే జబ్బు అంటుకునే అవకాశం బాగా తగ్గుతుంది, అందుకే ఆ రాత్రే వెతకాలి. తేదీ రాసిపెట్టుకోండి. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ పోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పాము: వీపు మీద వంకరటింకర నల్ల చార ఉన్న క్రోయిట్స్‌ఓటర్ ఇక్కడ ఉంటుంది. విషపు పామే అయినా పిరికిది, అడుగుల అదురుకే తప్పుకుంటుంది. పొదల్లో చెయ్యి పెట్టేవాళ్లకూ ఎండలో పడుకున్నదాన్ని కదిపేవాళ్లకూ మాత్రమే ముప్పు. కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, పీల్చొద్దు. ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. దగ్గర్లో రెస్క్యూ పాయింట్ బోర్డు ఉంటే దాని మీది నంబరు చెప్తే మీరెక్కడున్నారో వాళ్లకు తెలిసిపోతుంది.

నిప్పు: మార్చి 1నుంచి అక్టోబరు 31దాకా ఈ రాష్ట్రంలో అడవిలో, బాడవ నేలల్లో, హైడెలో సిగరెట్టు కాల్చడం, మంట వేయడం చట్టరీత్యా నిషేధం. గ్రిల్ తీసుకెళ్లే ఆలోచనే వద్దు. ఎండు గడ్డి మీద కారు ఆపొద్దు, వేడెక్కిన సైలెన్సర్ చాలు. గుడారం వేసి రాత్రి ఉండటానికీ వీల్లేదు, పల్లెల్లో క్యాంపింగ్ స్థలాలున్నాయి.

10. తేనె కొనేటప్పుడు

పూత వేళకు పెంపకందార్లు పెట్టెలు తెచ్చి మైదానం అంచుల్లో పెడతారు. ఆ వరసలకు కొన్ని మీటర్ల దూరంలోనే ఉండండి, ముఖ్యంగా పెట్టెల ముందువైపు నుంచి దాటొద్దు. హీథర్ తేనె మామూలు తేనెలా కారదు. సీసా వంచితే తాటిముంజెలా వణుకుతూ నిలబడుతుంది, చెంచాతో కలిపితే పల్చబడి, వదిలేస్తే మళ్లీ గడ్డకడుతుంది. అందుకే యంత్రంలో తిప్పితే తుట్టెనుంచి రాదు, పిండాలి లేదా ముందు సూదులతో కదిలించాలి. ధర ఎక్కువ ఉండటానికి కారణం అదే. కాస్త చేదు తగిలే ఘాటు రుచి, అందరికీ నచ్చదు. ముందు చిన్న సీసా కొనండి.

పూత లేని నెలల్లో

ష్నెవర్డింగెన్ పక్కన పీట్స్‌మోర్ అనే బాడవ ఉంది. మునుపు ఇంధనానికి పీట్ (సగం కుళ్లిన మొక్కల మట్టి) తవ్విన నేలను మళ్లీ నీటితో నింపారు. చెక్క బాట మీద చుట్టు సుమారు అయిదు కిలోమీటర్లు, రెండు గంటలు. వసంతంలో వస్తే దూదిగడ్డి తెల్లగా ఊగుతుంటుంది. వాన పడ్డాక చెక్కలు జారతాయి, నునుపు అడుగు బూట్లతో వెళ్లకండి. బాట దిగితే నేల నిలవదు. ఊరి చుట్టుపక్కల మైదానాల్లో 1994దాకా బ్రిటిష్ సైన్యం ట్యాంకులు తిప్పింది. ట్యాంకులు చదును చేసిన ఇసుకలో మళ్లీ హీథర్ మొలిపించారు.

శీతాకాలంలో కొన్ని చోట్ల పొదలను కావాలని కాలుస్తారు, కొన్ని చోట్ల పై పొరతో సహా గీకేస్తారు. నల్లటి మచ్చలూ బోడి ఇసుక చతురస్రాలూ చూసి ఎవరో పాడుచేశారనుకోకండి, కొత్త మొక్క మొలవాలంటే విత్తనానికి బోడి నేల కావాలి. పక్షుల గూళ్ల కాలం ముగిశాక, అంటే అక్టోబరునుంచి ఫిబ్రవరి లోపల, స్థానిక ప్రకృతి సంఘాలు బిర్చ్, పైన్ మొలకలు పీకే రోజులు పెడతాయి. భాష పెద్దగా రాకపోయినా రానిస్తారు. తోలు గ్లౌజులు, పాత బట్టలు, నీళ్లు చొరబడని బూట్లు తీసుకెళ్లండి. వాన పడిన మర్నాడు పని తేలిక: బొటనవేలి లావు లోపు బిర్చ్‌ను మొదలు దగ్గర రెండు చేతులా పట్టుకుని వేరుతో సహా లాగాలి. కోసి వదిలేస్తే మరుసటి ఏడు మొదట్లోంచి నాలుగు కొమ్మలు వేస్తుంది. పైన్‌కు ఆ గుణం లేదు, నేలకు ఆనించి అన్ని కొమ్మల కిందగా కోస్తే చాలు.